కొసరి వడ్డించేవాళ్లు లేని చోట

మన ఇళ్లలో భోజనానికి ఒక పద్ధతి ఉంది. వచ్చినవాళ్లు "చాలండీ, ఇక వద్దు" అంటారు. వడ్డించేవాళ్లు "అదేం తిండండీ, ఇంకొంచెం వేసుకోండి" అని కొసరుతారు. ఆ వద్దన్న మాట నిజంగా వద్దని కాదని ఇద్దరికీ తెలుసు. పెళ్లి పంక్తిలోనైనా, పెదనాన్నగారింట్లోనైనా కావలసింది నోరు తెరిచి అడగనక్కరలేదు. అడిగితే ఏమనుకుంటారోనన్న బెరుకు కూడా ఉంటుంది. ఇందులో ఎంతో ఆప్యాయత ఉంది, దాన్ని వదులుకోమని నేను చెప్పను. కానీ ఈ ఆప్యాయతలో పెరిగిన అమ్మాయో అబ్బాయో చదువు పూర్తిచేసి, ఉద్యోగం వచ్చి, హౌరాలో రైలు దిగి, ఒక సాయంత్రం కోల్‌కతా వీధిలో కబాబ్ దుకాణం ముందు నిలబడితే గొంతు పెగలదు. అక్కడ కొసరేవాళ్లు లేరు. వెనక పదిమంది ఉన్నారు. పెనం దగ్గరున్న మనిషి తలెత్తి "బోలున్" అంటాడు. చెప్పండి అని. మనవాళ్లు చాలామంది అక్కడే వెనక్కి తిరుగుతారు. గదికెళ్లి ఫోన్లో అలవాటైన పెరుగన్నమో బిర్యానీయో తెప్పించుకుంటారు. సాల్ట్ లేక్ సెక్టర్ ఫైవ్‌లో పనిచేసే మన పిల్లల్లో, ఏడాది గడిచినా ఆ నగరపు తిండి రుచి తెలియనివాళ్లు నాకు తెలుసు. వాళ్లకు డబ్బు కొరత లేదు, ఆకలి కొరత అంతకన్నా లేదు. అడ్డుపడింది మొహమాటం ఒక్కటే.

మొహమాటం పోగొట్టుకోవడానికి పెద్ద పెద్ద వేదికలెక్కి ప్రసంగాలు చెయ్యమని సలహా ఇచ్చే పుస్తకాలున్నాయి. నా ఉద్దేశంలో అంత దూరం పోనక్కరలేదు. నిప్పు మీద మాంసం కాల్చి, రొట్టెలో చుట్టి, చేతికిచ్చే చిన్న దుకాణం చాలు. ఖర్చు తక్కువ. వంట మొత్తం మీ కళ్లెదుటే జరుగుతుంది కాబట్టి ఏం తింటున్నామో అన్న భయం ఉండదు. మాట్లాడాల్సింది రెండు మూడు వాక్యాలు. ఆ రెండు మూడు వాక్యాల్లోనే మనకేం కావాలో మనం చెప్పాలి, ఏం వద్దో కూడా చెప్పాలి. పనిచేసే చోట జీతం గురించి అడగలేనివాళ్లు, సెలవు కావాలని చెప్పలేనివాళ్లు ముందు "సాస్ వద్దు" అని చెప్పడం నేర్చుకుంటే మంచి ఆరంభమని నేను నమ్ముతాను.

ఇలాంటి దుకాణాలు ప్రపంచమంతటా ఉన్నాయి. గ్రీసు దేశంలో ఊరూరా సువ్లాకీ దుకాణం ఉంటుంది. చిన్న చిన్న మాంసం ముక్కలకు ఆలివ్ నూనె, నిమ్మరసం, ఒరెగానో ఆకు పట్టించి, పుల్లకు గుచ్చి, బొగ్గుల మీద కాలుస్తారు. దాన్ని సెగ మీద వేడిచేసిన పీటా రొట్టెలో పెట్టి, టమాటా, ఉల్లిపాయ, వేయించిన బంగాళాదుంప ముక్కలు, జాజికి వేసి కాగితంలో చుట్టి ఇస్తారు. జాజికి అంటే నీళ్లు వడకట్టిన గట్టి పెరుగులో కీర దోస కోరు, వెల్లుల్లి కలిపినది. మన పెరుగు పచ్చడి తిన్న నాలుకకు అది కొత్త కాదు. ఇంకో రకం గీరో. నిలువు కడ్డీకి మాంసం పొరలు పొరలుగా గుచ్చి, సెగ ముందు తిప్పుతూ, కాలిన పైపొరను పల్చగా చెక్కి ఇస్తారు. అక్కడ కూలీ నుంచి కాలేజీ విద్యార్థి దాకా అందరి తిండీ ఇదే. పుల్లల మీద మాంసం కాల్చడం గ్రీకులకు నిన్నటి అలవాటు కాదు. శాంతోరిని దీవిలో అగ్నిపర్వతపు బూడిద కింద పూడిపోయిన అక్రోతిరి పట్టణపు తవ్వకాల్లో, నిప్పుల మీద పుల్లలు ఆనించడానికి గాట్లు పెట్టిన మట్టి దిమ్మెలు దొరికాయి. అవి మూడున్నర వేల ఏళ్లకు పైబడినవి.

కోల్‌కతాలో ఆ స్థానం కాఠీ రోల్‌ది. న్యూ మార్కెట్ అని అందరూ పిలిచే హాగ్ మార్కెట్ 1874 జనవరి 1న మొదలైంది. దాని వెనక వీధిలో నిజామ్స్ 1932 నుంచి ఉంది. శీకు మీద కాల్చిన కబాబ్‌ను పరాఠాలో చుట్టి ఇవ్వడం అక్కడే పుట్టిందని నగరం నమ్మకం. తొందరలో ఉన్న గిరాకీ చేతికి జిడ్డంటకుండా పట్టుకెళ్లడానికి అలా చుట్టి ఇచ్చారని కథ చెప్తారు. ఆ గిరాకీ ఎవరన్నదాని మీద రకరకాల కథలున్నాయి, వాటి జోలికి మనం పోనక్కరలేదు. ఇనుప శీకుల స్థానంలో వెదురు పుల్లలు 1960లలో వచ్చాయి. ఇవాళ పార్క్ స్ట్రీట్‌లో కుసుమ్, పార్క్ సర్కస్‌లో జీషాన్, గరియాహాట్‌లో కంపారీ, ఇలా ప్రతి పేటకూ దాని రోల్ దుకాణం ఉంది, దాని కోసం వాదించే అభిమానులున్నారు.

ఈ రెండు తిండ్ల వెనకా ఇల్లు వదిలి వచ్చినవాళ్లున్నారు. 1856లో బ్రిటిష్‌వాళ్లు అవధ్ రాజ్యాన్ని కలుపుకున్నాక నవాబు వాజిద్ అలీ షా కలకత్తా చేరి మటియాబుర్జ్‌లో స్థిరపడ్డాడు. ఆయన వెంట లక్నో వంటవాళ్లూ వచ్చారు. కలకత్తా కబాబ్‌కూ బిర్యానీకీ ఆ వంటశాలల చేయి తగిలింది. గ్రీసులోనూ అంతే. 1922లో యుద్ధం ఓడిపోవడం, మరుసటి ఏడాది టర్కీతో జరిగిన జనాభా మార్పిడి ఒప్పందం, ఈ రెండింటి వల్ల ఆసియా మైనర్ నుంచి పది లక్షలకు పైగా శరణార్థులు గ్రీసుకు వచ్చారు. వాళ్లతో వచ్చిన వంటలు అక్కడి వీధి తిండిని మార్చేశాయి. కొత్త ఊరిలో మీరు ఒంటరి అనుకున్నప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోండి. మీ చేతిలో ఉన్న రొట్టె కూడా అలా కొత్త ఊరికి వచ్చి నిలదొక్కుకున్నవాళ్ల చలవే.

అసలు గ్రీకులే ఈ నగరానికి వచ్చి బతికారు. పద్దెనిమిదో శతాబ్దంలో వ్యాపారం కోసం వచ్చిన గ్రీకు కుటుంబాలు ఇక్కడ స్థిరపడ్డాయి. ఆమ్రతల్లా వీధిలో వాళ్లు మొదటి చర్చి కట్టుకున్నారు. 1924లో కాళీఘాట్‌లో ఇంకో చర్చికి పునాది వేశారు. తెల్లటి స్తంభాలతో, ఆలయంలాంటి ముఖద్వారంతో అది ఇవాళ్టికీ ట్రామ్ డిపో పక్కన నిలబడి ఉంది. ఆ గ్రీకు వ్యాపారుల పిల్లలకు పాఠాలు చెప్పడానికి 1786లో దిమిత్రియోస్ గలానోస్ అనే ఏథెన్స్ యువకుడు వచ్చాడు. పాతికేళ్లు దాటి ఎక్కువ కాలేదు. ఉద్యోగం చేసుకుంటూ ఇక్కడి భాషలు నేర్చుకున్నాడు. 1793లో కాశీకి వెళ్లి, పండితుల దగ్గర కూర్చుని సంస్కృతం చదివి, భగవద్గీతను గ్రీకులోకి అనువదించాడు. 1833లో కాశీలోనే కన్నుమూశాడు. మాతృభాష మాట్లాడేవాళ్లు చుట్టూ ఉన్న కలకత్తాలో, వాళ్ల మధ్యే ఉండిపోవడం ఆయనకు సులువే. బడి నుంచి ఇంటికి, ఇంటి నుంచి బడికి తిరిగి ఊరుకుని ఉంటే ఆయన పేరు ఇవాళ ఎవరికీ తెలిసేది కాదు. తెలియనిదాన్ని తెలిసినవాళ్ల దగ్గర అడిగి తెలుసుకున్నాడు. మనం చెయ్యబోయే పని దానితో పోలిస్తే చాలా చిన్నది. స్వభావం మాత్రం అదే.

ఇక పనిలోకి దిగుదాం.

దుకాణం దగ్గరికి వెళ్లగానే వరుసలోకి దూరకండి. కాస్త పక్కన నిలబడి చూడండి. చూడటం మన హక్కు, అందులో సిగ్గుపడాల్సింది లేదు. డబ్బు ముందు కడుతున్నారా, తిన్నాక కడుతున్నారా? చీటీ తీసుకుని పెనం దగ్గరికి వెళ్తున్నారా? మాంసం బొగ్గుల మీద కాలుతోందా, పెనం మీదే వేగుతోందా? ఇవాళ చాలా చోట్ల ముక్కల్ని పెనం మీదే వేయించి చుట్టేస్తున్నారు. అది తినకూడదని కాదు. కానీ బొగ్గుల సెగ తగిలిన ముక్క అంచు నల్లబడి, లోపల మెత్తగా, పొగ వాసనతో ఉంటుంది. మీరు వెతుక్కుని వచ్చింది అదైతే బొగ్గులున్న చోటు చూసుకోండి. పెనం దగ్గరి మనిషి చేతుల పని కూడా చూడండి. పరాఠా ఉండను ఒత్తి నూనెలో వేస్తాడు, గుడ్డు కొట్టి దాని మీద పరాఠా బోర్లిస్తాడు, తిరగేసి ముక్కలు, ఉల్లి చీలికలు, పచ్చిమిర్చి, నిమ్మరసం వేసి, ఒక్క విసురులో చుట్టి కాగితం మెలిపెడతాడు. ఇలా నాలుగు రోల్స్ తయారవడం చూశాక మీకు అక్కడి పద్ధతి అంతా తెలిసిపోతుంది. బెరుకు సగం పోతుంది.

తర్వాత మాట. బెంగాలీ రాదన్న బెంగ పెట్టుకోకండి, హిందీ నడుస్తుంది. కానీ నాలుగు ముక్కలు వాళ్ల భాషలో అంటే ఎదుటి మనిషి ముఖం మారుతుంది. మగవాళ్లను "దాదా" అనండి, ఆడవాళ్లను "దిది" అనండి. మనం అన్నా, అక్కా అన్నట్టే. "దాదా, ఎక్టా ఎగ్ చికెన్ రోల్ దిన్" అంటే ఒకటి ఇవ్వండని. "ఝాల్ కొమ్" అంటే కారం తక్కువ, "ఝాల్ బేషి" అంటే ఎక్కువ. "సాస్ ఛాడా" అంటే సాస్ లేకుండా. "కొతో హోలో?" అంటే ఎంతైంది అని. గదిలో పైకి నాలుగుసార్లు అనుకుని వెళ్లండి. తప్పు పలికితే వాళ్లు సరిదిద్దుతారు, మళ్లీ సరిగా అనండి. సాస్ గురించి నా అభిప్రాయం చెప్పమంటే, మొదటిసారి వద్దనే అనండి. ఎర్రటి తీపి సాస్ వేస్తే ప్రతి దుకాణం రోలూ ఒకే రుచికి వచ్చేస్తుంది. నిమ్మ, ఉల్లి, పచ్చిమిర్చి చాలు.

ఏ మాంసం అన్నది తప్పకుండా అడగండి. న్యూ మార్కెట్ చుట్టుపక్కల కొన్ని చోట్ల బీఫ్ రోల్ కూడా అమ్ముతారు. తినేవాళ్లకు అదొక రుచి, తిననివాళ్లు ముందే అడిగి నిశ్చింతగా ఉండొచ్చు. "ఇదేం మాంసం దాదా" అని అడిగితే ఎవరూ చిన్నబుచ్చుకోరు, రోజూ వందమంది అడిగే ప్రశ్నే అది. రేపు మీరు మెల్‌బోర్న్‌లోనో ఏథెన్స్‌లోనో గ్రీకు దుకాణం ముందు నిలబడ్డా ఇదే ప్రశ్న పనికొస్తుంది. గ్రీసులో సువ్లాకీకి, గీరోకి ఎక్కువగా వాడేది పంది మాంసం. "కొటోపులో" అంటే కోడి, "హిరినో" అంటే పంది. ఈ రెండు మాటలు తెలిస్తే అక్కడ సగం పని అయిపోయినట్టే. చుట్టి ఇచ్చేది చవక. పళ్లెంలో వడ్డించేది ఎక్కువ ధర, ఇద్దరికి సరిపోయేంత ఉంటుంది. మెల్‌బోర్న్‌లో గ్రీకులు ఎక్కువ, ఇప్పుడు మన తెలుగు విద్యార్థులూ తక్కువేం కాదు కాబట్టి ఈ జాగ్రత్త చెప్తున్నాను.

శాకాహారులైతే ఈ అధ్యాయం మీకు కాదనుకోకండి. కోల్‌కతాలో పనీర్ రోల్, ఆలూ రోల్ దాదాపు ప్రతిచోటా దొరుకుతాయి. అయితే ఒకే పెనం, ఒకే అట్లకాడ అన్నింటికీ వాడతారు. అది మీకు పట్టింపు అయితే శాకాహారం ఒక్కటే అమ్మే దుకాణానికి వెళ్లండి. లేదా "పెనం వేరుగా ఉందా" అని మర్యాదగా అడిగి, లేదంటే నమస్కారం పెట్టి వచ్చేయండి. అడిగాక కొనకుండా రావడం అవమానం కాదు. ఇది మనవాళ్లకు మరీ కష్టమైన పని కాబట్టి ప్రత్యేకించి చెప్తున్నాను. గ్రీకు దుకాణంలోనైతే ఫెటా చీజ్ వేసిన పల్లెటూరి సలాడ్, బియ్యం కూరిన ద్రాక్షాకు చుట్టలు, వేయించిన చీజ్ ఉంటాయి. ఆకు చుట్టల్లో కొన్నిసార్లు మాంసం కూడా కూరుతారు, అదీ అడగాలి.

చేతికి వచ్చినదాన్ని అక్కడే తినండి. పార్సెల్ కట్టించుకుని సాల్ట్ లేక్ దాకా మోసుకెళ్తే పరాఠా మెత్తబడి, నిమ్మరసం కారిపోయి, తినడానికి వచ్చినది వేరే వస్తువైపోతుంది. కాగితం కొంచెం కొంచెంగా చింపుతూ తినాలి, మొత్తం విప్పకూడదు. మొదటి రెండు మూడు ముద్దలు ఏమీ కలపకుండా, ఏమీ అనకుండా తినండి. మనకు నోట్లో పెట్టుకోగానే "కారం లేదు, చప్పగా ఉంది" అనడం అలవాటు. మన ఊరి కొలతతో కొలిస్తే లోకంలో సగం వంటలు చప్పగానే ఉంటాయి. గ్రీకు మాంసంలో మిరప ఘాటు వెతకకూడదు. అందులో ఉప్పు, నిమ్మ, పొగ, ఆకు వాసన చూడాలి. కాఠీ రోల్‌లో పరాఠా పొరల కరకరా, ఉల్లి చురుకూ కలిసి ఎలా నడుస్తున్నాయో చూడాలి. ఆ తర్వాత కూడా కారం కావాలనిపిస్తే ఇంకో పచ్చిమిర్చి అడగండి. అడగడమే కదా మనం నేర్చుకుంటున్నది.

ఒంటి ఆరోగ్యం సంగతి కొంచెం నిలబడి చెప్పాలి. మొహమాటపడి తినకూడనిది తినడం కన్నా పెద్ద నష్టం లేదు. కోడి మాంసం లోపల దాదాపు 74 డిగ్రీల సెల్సియస్ వేడి చేరితేనే హానిచేసే సూక్ష్మజీవులు చస్తాయి. మనం కొలమానం పట్టుకుని తిరగలేం కాబట్టి లావుపాటి ముక్కను విరిచి చూడండి. మధ్యలో పచ్చిగా, గులాబీ రంగులో జారుడుగా ఉంటే "ఇంకొంచెం కాల్చండి" అని తిరిగి ఇవ్వండి. గీరో, షవర్మా తరహా నిలువు కడ్డీ ఉన్నచోట సెగ ఆగకుండా మండుతోందో లేదో చూడండి. మంట ఆపేసి, గిరాకీ వచ్చినప్పుడు మళ్లీ వెలిగించే చోట లోపలి పొరలు గోరువెచ్చగా గంటలకొద్దీ ఉండిపోతాయి. 5 నుంచి 60 డిగ్రీల మధ్య వేడిలో సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి. పచ్చి గుడ్డుతో చేసే మయొనైజ్ ఇంకో ప్రమాదం. తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబర్ 30 నుంచి దాన్ని ఏడాదిపాటు నిషేధించింది ఇందుకే. ఎండాకాలపు కోల్‌కతా ఉక్కలో బయట పెట్టిన తెల్లటి సాస్ ఏదైనా సరే నేను వద్దంటాను. జనం కదులుతున్న దుకాణం ఎంచుకోండి, సరుకు నిలవ ఉండదు. ఆహార భద్రతా సంస్థ ఇచ్చిన 14 అంకెల లైసెన్సు నంబరు గోడ మీదో, బిల్లు మీదో ఉండాలి. అది వెతకడం కూడా అలవాటు చేసుకోండి.

డబ్బు దగ్గర మన మొహమాటం మరీ ఎక్కువ. బిల్లు చదవకుండా ఇచ్చేయడం పెద్దమనిషితనం అనుకుంటాం. కూర్చుని తినే చోట బిల్లులో సర్వీస్ చార్జీ కలిపి ఉంటే, అది కట్టి తీరాలన్న నిబంధన లేదు. కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులైలో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం దాన్ని హోటల్ తనంతట తాను బిల్లులో కలపకూడదు. ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో ఆ మార్గదర్శకాలను సమర్థించింది. "ఇది తీసేయండి" అని గొంతు పెంచకుండా చెప్పండి. తీయకపోతే వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫోన్ చెయ్యొచ్చు. వడ్డించిన కుర్రాడి పని నచ్చితే మీ చేత్తో అతని చేతికే ఏదైనా ఇవ్వండి, అది వేరే సంగతి, మంచి సంగతి. రోల్ దుకాణంలో ఈ గొడవ ఉండదు. చిల్లర దగ్గర పెట్టుకుంటే చాలు.

ఒంటరిగా తినడం గురించి ఒక్క మాట. మన ఊళ్లలో ఒంటరిగా హోటల్‌కు వెళ్తే, ముఖ్యంగా ఆడపిల్ల వెళ్తే, ఏదో లోటున్నట్టు చూస్తారు. కోల్‌కతా రోల్ దుకాణం ముందు ఒంటరిగా నిలబడి తినేవాళ్లు బోలెడంత మంది. ఆఫీసు సంచీ భుజానికి తగిలించుకున్న పెద్దావిడ, పుస్తకాలు చంకలో పెట్టుకున్న విద్యార్థిని, బస్సు దిగిన గుమస్తా. ఎవరి రోల్ వాళ్లది, ఎవరి ఆలోచన వాళ్లది. ఎవరూ ఎవరినీ వింతగా చూడరు. ఇక్కడ ఒంటరిగా తినడం అలవాటైన అమ్మాయి రేపు ఏ ఊరు వెళ్లినా తోడు దొరికేదాకా ఆకలితో కూర్చోదు.

ఇంకొకటి. రెండోసారి అదే దుకాణానికి వెళ్లండి. కొత్త కొత్త చోట్లు తిరిగి ఫోటోలు పోగేసుకోవడం వల్ల మొహమాటం పోదు. ఒకే చోటికి మళ్లీ వెళ్తే ఆ దాదా మిమ్మల్ని గుర్తుపడతాడు, "సాస్ ఛాడా?" అని తనే అడుగుతాడు. అప్పుడు మీరు ఆ నగరంలో ఒక మనిషికి తెలిసినవాళ్లవుతారు. పండగ ఎప్పుడు, ఏ బస్సు ఎక్కడికి వెళ్తుంది, వాన పడితే ఏ వీధి మునుగుతుంది, ఇవన్నీ అక్కడే తెలుస్తాయి. ఖరగ్‌పూర్ రైల్వేలోకీ, టీటాగఢ్ జనపనార మిల్లులకూ మన ఉత్తరాంధ్ర నుంచి ఎందరో వెళ్లి, ఆ నేల మీద తరాలుగా బతుకుతున్నారు. భాష రాకుండా వెళ్లినవాళ్లే ఎక్కువ. వాళ్లు బజారులో అడిగి అడిగే బెంగాలీ నేర్చుకున్నారు.

ఈ వారం ఒక సాయంత్రం ఖాళీ చేసుకోండి. ఫోన్లో తెప్పించుకోకుండా, తోడు కోసం ఎదురుచూడకుండా, మీ పేటలో బొగ్గుల కుంపటి ఉన్న దుకాణం ముందుకు నడిచి వెళ్లండి. పక్కన నిలబడి చూడండి, మీ వంతు రాగానే గట్టిగా చెప్పండి. ఏ మాంసమో అడగండి, వద్దనుకున్నది వద్దని చెప్పండి. నచ్చితే ఇంకొకటి తీసుకోండి.